కమలా ఖాన్ ఇంటివారు

(ఒక పఠన మందిరంలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వక్ఫ్ భూముల గురించీ, ఉపకార వేతనాల గురించీ మాట్లాడుకొనే ఈ వేదిక మీద అమెరికా బొమ్మల పుస్తకాల ప్రస్తావన కొందరికి వింతగా తోచవచ్చును. నేను ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పనిచేసినవాడిని. ఆ బల్ల దగ్గర గమనించిన విషయం ఒకటున్నది. ఒక మనిషిని గురించి ఫైలులో మొదట ఏ మాట పడిందో, తరువాత వచ్చే అధికారులందరూ ఆ మాటతోనే మొదలుపెడతారు. మొదటి నోటులో 'అర్జీదారు తరచు గొడవపడే స్వభావం గలవాడు' అని ఒక్క వాక్యం పడితే, పదేళ్ళ తరువాత వచ్చే అధికారి కూడా ఆ అర్జీదారును ఆ కంటితోనే చూస్తాడు. పిల్లల మనసుల్లో మన గురించి ఆ మొదటి నోటు రాసేది బొమ్మల పుస్తకాలు, సినిమాలు, ఫోనులో చూసే ధారావాహికలు. అందువల్ల ఈ విషయం మన పరిధిలోనిదేనని నా అభిప్రాయం.

కమలా ఖాన్ పేరు ఇక్కడి పిల్లలకు తెలుసు, పెద్దల కోసం నాలుగు మాటలు. అమెరికాలోని మార్వెల్ సంస్థ 2014 ఫిబ్రవరిలో 'మిస్ మార్వెల్' పేరుతో ఒక కామిక్ ప్రారంభించింది. దాని నాయిక న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీలో నివసించే పదహారేళ్ళ ముస్లిం బాలిక. తల్లిదండ్రులు కరాచీ నుండి వెళ్ళినవారు. ఆ పిల్లకు ఒంటిని సాగదీసుకొనే, రూపం మార్చుకొనే శక్తి వస్తుంది. రచయిత్రి జి. విల్లో విల్సన్ ఇస్లాం స్వీకరించిన అమెరికన్ మహిళ. సంపాదకురాలు సనా అమానత్ కూడా ముస్లిం కుటుంబంలో పుట్టిన ఆమే. ఆ కామిక్ తొలి సంపుటానికి 2015లో హ్యూగో పురస్కారం లభించింది. తెలుగువారికి కమల అనగానే తామరపువ్వు గుర్తుకు వస్తుంది కాని, ఈ పేరు 'కమాల్' అనే మాట నుండి వచ్చింది. పరిపూర్ణత అనీ, అద్భుతమనీ దాని అర్థం. 2022 జూన్, జూలై నెలల్లో ఈ కథ ఆరు భాగాల ధారావాహికగా వచ్చింది. మన దేశంలో హాట్‌స్టార్‌లో చూశాము.

నాయికను గురించి అందరూ మాట్లాడారు. నేను మాట్లాడదలచినది ఆమె చుట్టూ ఉన్నవారిని గురించి: అన్న, స్నేహితురాలు, తల్లి, మసీదు ఇమాము. వీరు ఉపపాత్రలు. కామిక్ నుండి తెరకు వెళ్ళేటప్పుడు వీరిలో పలువురిని మార్చి రాశారు. ఆ మార్పుల మీద అభిమానులు వాదించుకున్నారు. నాయిక ఎగురుతుంది, పోరాడుతుంది, గెలుస్తుంది. ముస్లిం ఇల్లు ఎలా ఉంటుందో తెలియని పాఠకుడికి ఆ ఇంటిని చూపేది మాత్రం ఉపపాత్రలే.

అంతకు ముందు పరిస్థితి ఏమిటో కొంచెం చెప్పవలసి ఉన్నది. 2002లో ఎక్స్‌మెన్ కథల్లోకి డస్ట్ అనే అఫ్ఘన్ అమ్మాయి వచ్చింది. అసలు పేరు సూరయా ఖాదిర్. ఇసుకగా మారే శక్తి గలది. రచయితల ఉద్దేశం మంచిదే కావచ్చును. కాని అఫ్ఘనిస్తాన్ పిల్లకు అరబ్బుల అబాయా, నిఖాబ్ తొడిగించారు. ఆమె నోట పలికించిన తొలి మాట కూడా ధూళి అనే అర్థం గల అరబీ పదమే. పష్తో, దరీ మాట్లాడే దేశపు పిల్ల అరబీలో ఎందుకు పలుకుతుందని పాఠకులు అడిగారు. ఒంటిని కప్పడానికి వేసుకున్న అబాయాను కొందరు చిత్రకారులు ఒంటికి అంటుకున్నట్లు గీయడాన్ని ముస్లిం పాఠకులు ఎత్తి చూపారు. 2012లో గ్రీన్ లాంటర్న్ కథలో సైమన్ బాజ్ వచ్చాడు. మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌కు చెందిన లెబనాన్ మూలాల యువకుడు. అమెరికాలో అరబ్బులు ఎక్కువగా నివసించే పట్టణమది. మన కుర్రాడొకడు వీరుడయ్యాడని సంతోషించేలోపే, ఉంగరంతో పోరాడవలసిన ఆ వీరుడి చేతికి తుపాకి ఇచ్చి, ముఖానికి ముసుగు తొడిగి అట్ట మీద నిలబెట్టారు. పైగా కార్ల దొంగతనం కథ. అరబ్బు చేతిలో తుపాకి లేకుండా బొమ్మ గీయలేరా అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. తరువాతి కథల్లో ఆ తుపాకి వదిలిపెట్టాడు.

ఫ్రాన్సులో బ్యాట్‌మన్‌కు తోడుగా నైట్‌రన్నర్ అనే పాత్రను 2010 చివర తెచ్చారు. పేరు బిలాల్ అస్సెలా, అల్జీరియా మూలాలవాడు, పారిస్ శివారు క్లిషీ సూ బువాలో పెరిగినవాడు. 2005లో పోలీసుల నుండి పారిపోతూ ఇద్దరు పిల్లలు విద్యుత్ కేంద్రంలో చనిపోగా అల్లర్లు చెలరేగిన చోటు అది. ఈసారి అభ్యంతరం మరో వైపు నుండి వచ్చింది. ఫ్రాన్సుకు ప్రతినిధిగా ముస్లిమా, నిజమైన ఫ్రెంచివాడు దొరకలేదా అని కొందరు రాశారు. డస్ట్ విషయంలో అభ్యంతరం పాత్రను తప్పుగా గీశారని. ఇక్కడ అభ్యంతరం పాత్ర ఉండటమే తప్పని. ఈ రెండూ పైకి ఒకే రకమైన కోపంగా కనిపిస్తాయి. వీటిని ఒకే కట్టలో కట్టరాదు.

ఇక కమల అన్న ఆమిర్ దగ్గరకు వస్తాను. నా మనసుకు దగ్గరైన పాత్ర ఇది. కామిక్‌లో ఆమిర్ గడ్డం పెంచి, టోపీ ధరించి, భోజనాల బల్ల దగ్గర కూడా సుదీర్ఘంగా దుఆ చేస్తూ కూర్చొనే యువకుడు. తండ్రి యూసుఫ్ బ్యాంకు ఉద్యోగి. వడ్డీతో ముడిపడిన సంపాదన తనకు వద్దని కొడుకు అంటాడు. ఉద్యోగం వెతకకుండా ఉండటానికి ప్రార్థన ఒక సాకు అయిందని తండ్రి అంటాడు. ఈ వాదన మన ఇళ్ళలో ఎన్ని సార్లు జరగలేదు? బ్యాంకు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలా వద్దా అని నా దగ్గరకు సలహా కోసం వచ్చిన కుర్రవాళ్ళు, వారి తండ్రులు ఈ సభలోనే ఉన్నారు. తొలి సంచికలు చదివిన కొందరు ముస్లిం పాఠకులు నొచ్చుకున్నారు. నమాజు చేసేవాడిని పనిలేనివాడిగా, నవ్వుల పాత్రగా చూపారని వారి బాధ. ఆ బాధలో న్యాయం లేకపోలేదు. కాని రచయిత్రి ఆమిర్‌ను అక్కడ వదిలిపెట్టలేదు. 2017లో వచ్చిన 'మక్కా' అనే కథాభాగంలో ఆమిర్‌ను నిర్బంధిస్తారు. భక్తి గల ముస్లిం యువకుడు నిత్యం ఎన్ని అనుమానాల నడుమ బతుకుతాడో అతడు అక్కడ తన నోటితోనే చెబుతాడు. మొదట నవ్వించిన మనిషి గౌరవం ఆ పుటల్లో తెలుస్తుంది.

తెర మీది ఆమిర్ వేరు. సరదా మనిషి, చెల్లెలికి అండగా నిలిచే అన్న, పెళ్ళికొడుకు. ప్రేక్షకులు బాగా ఇష్టపడ్డారు. గడ్డం ఉన్న ముస్లిం యువకుడు తెర మీద ఎవరినీ భయపెట్టకుండా నవ్వుతూ పెళ్ళి చేసుకోవడమే పెద్ద మాట అని చాలామంది అన్నారు. కాని పాత పాఠకులు కొందరు ఒక లోటు చెప్పారు. తండ్రితో వాదించే ఆమిర్ ఎక్కడ? వడ్డీని గురించి పట్టుబట్టే ఆమిర్ ఎక్కడ? నేను ఈ రెండవ పక్షం వాడిని. మనవాడు ఇతరులకు నచ్చాలంటే మొదట తియ్యగా మారాలి అన్నది నాకు మింగుడుపడదు. ఇతరుల కథల్లో చాదస్తపు మామయ్యలు, మొండి తాతయ్యలు ఉంటారు, వారిని జనం ప్రేమిస్తారు. నమాజు చదివే మనిషికి కాస్త విసుగు పుట్టించే స్వాతంత్ర్యం మాత్రం ఎందుకు ఉండరాదు?

ఆమిర్ వివాహం కూడా చెప్పుకోదగినది. అతడు పెళ్ళాడిన తైషా ఇస్లాం స్వీకరించిన నల్లజాతి అమ్మాయి. రెండు కుటుంబాల సంకోచాన్ని కామిక్ దాచకుండా చూపింది. ధారావాహికలో పెళ్ళి వేడుకగా సాగిపోతుంది, ఆ సంకోచం పలుచబడింది. అమెరికా ముస్లింలలో నల్లజాతివారు గణనీయమైన భాగం. వలస వచ్చిన కుటుంబాలు వారితో వియ్యానికి వెనకాడటం అక్కడ తరచు చర్చకు వచ్చే విషయం. మనం చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు: ఇక్కడ షేక్, సయ్యద్ ఇళ్ళవారు దూదేకుల ఇంటి సంబంధం అనగానే ఎలా తల తిప్పుకుంటారో మనకు తెలుసు. ఆమిర్ కథ ఆ ఒక్క చోట మన ఇంటి కథ.

స్నేహితురాలు నకియా టర్కీ మూలాలున్న అమ్మాయి. కామిక్‌లో ఆమె తలకు స్కార్ఫ్ ధరిస్తుంది. ఎవరి బలవంతమూ లేదు సరిగదా, నాన్నే అది తీసివేయమంటాడు. తొలి సంచికలోనే ఈ సంగతి తెలుస్తుంది. హిజాబ్ అంటే తండ్రి మోపిన బరువని మాత్రమే విన్న పాఠకులకు ఇది కొత్త. హిజాబ్ ధరించే అమ్మాయిలు ఆ నకియాను తమ మనిషిగా భావించడంలో ఆశ్చర్యం లేదు. ఇంకొక సంగతి. కామిక్ తొలి సంచికల్లో మసీదు ప్రసంగం నడుస్తుండగా స్త్రీలను అడ్డుగోడ వెనుక ఎందుకు కూర్చోబెట్టారు, ప్రవక్త కాలంలో మదీనాలో ఇలాంటి అడ్డు లేదు కదా అని కమల అడుగుతుంది. ధారావాహికలో ఈ ప్రశ్న నాయిక చేతి నుండి స్నేహితురాలి చేతికి వచ్చింది. నకియా స్త్రీల భాగం పాడుపడి ఉన్నదని ఫిర్యాదు చేసి, మసీదు కమిటీ ఎన్నికల్లో పోటీకి దిగుతుంది. నా దృష్టిలో తెర మీద చేసిన మార్పులన్నింటిలో ఉత్తమమైనది ఇదే. ప్రశ్న అడిగే పిల్ల ఓటు అడిగే పిల్ల అయింది. మసీదు చెడ్డదనీ చెప్పలేదు, అందులో దిద్దవలసినది లేదనీ చెప్పలేదు. ముస్లిం స్త్రీలు చాలామంది దీన్ని మెచ్చుకున్నారు.

ఇక్కడ ఈ సభకు వచ్చిన సోదరీమణులను ఉద్దేశించి ఒక మాట. 2020 జనవరిలో అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు సుప్రీంకోర్టుకు ఇచ్చిన ప్రమాణ పత్రంలో స్త్రీలు నమాజు కోసం మసీదులో ప్రవేశించడానికి మతపరంగా అనుమతి ఉన్నదని చెప్పింది. అనుమతి ఉండటం వేరు, వుజూ చేయడానికి నీటి కుళాయి, నిలబడటానికి శుభ్రమైన చోటు ఉండటం వేరు. నకియా అడిగినది ఆ రెండవ సంగతి. కమిటీ సభ్యులు కొందరు ఇక్కడే ఉన్నారు గనుక ఇంతకంటె వివరించను.

ఇమాము షేక్ అబ్దుల్లా గురించి కూడా చెప్పాలి. రాత్రులు ఇల్లు విడిచి తిరుగుతున్నదని తల్లిదండ్రులు కమలను ఆయన దగ్గరకు పంపుతారు. తిట్లు తప్పవని పిల్ల అనుకొంటుంది, మనమూ అనుకొంటాం. ఆయన తిట్టడు. చేయక తప్పదనుకుంటే ఆ పనిని మంచి గుణాలతో చేయమనీ, తగిన గురువును వెతుక్కోమనీ చెబుతాడు. అమెరికా కథల్లో ఇమాము అనగానే ద్వేషం బోధించే మనిషిని చూడటానికి అలవాటుపడిన పాఠకులు ఈ రెండు పుటలను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్నారు.

అన్ని మార్పులూ ఇలా లేవు. కమల ఒంటి శక్తిని తెర మీద వెలుగుతో చేసిన ఆకారాలుగా మార్చడం మీద పెద్ద రభస జరిగింది, దాని జోలికి నేను పోను. నజ్మా అనే ప్రతినాయికను, ఆమె ముఠాను 'క్లాన్‌డెస్టైన్' పేరుతో తెచ్చారు. 1994లో అలన్ డేవిస్ సృష్టించిన కామిక్ పేరది. ఆ పాత కామిక్ అభిమానులకు పేరు తప్ప ఏమీ దొరకలేదు. ముస్లిం ప్రేక్షకుల బాధ వేరే ఉన్నది: ఈ ముఠాను కథలో జిన్నులంటారు, నాయిక వంశం కూడా అటు కలుస్తుంది. మామూలు పిల్ల ధైర్యంతో పైకి వచ్చిన కథను, తూర్పుదేశం అనగానే జిన్నులూ మాయలూ అనే పాత అలవాటులోకి ఎందుకు లాగారన్నది సరైన విమర్శ. దానికి తోడు కరాచీలో ఒంటరిగా తిరిగే రెడ్ డాగర్ అనే కుర్రవాడిని ఒక రహస్య దళం సభ్యుడిగా మార్చారు. ఐదవ భాగంలో 1947 రైలు స్టేషన్, తప్పిపోయిన చంటిపిల్ల, తరువాత ఆమే కమలకు అమ్మమ్మ కావడం మాత్రం చూసినవారిని కంటతడి పెట్టించాయి. అమ్మమ్మ పాత్ర లేకపోతే ఆ దేశ విభజన గాయం ఆ అమెరికా పిల్లకు పాఠ్యపుస్తకంలో ఒక తేదీ మాత్రమే.

ద్వేషం సంగతి త్వరగా ముగిస్తాను. ధారావాహిక మొదలైన రోజుల్లోనే ఐఎండిబిలో కుప్పలుగా ఒక్క నక్షత్రపు మార్కులు పడ్డాయి. ఆరు భాగాల్లో ఒకటో రెండో వచ్చిన దశలో, మొత్తం చూడకుండానే తీర్పు. 2017లో మార్వెల్ విక్రయ విభాగపు అధికారి ఒకరు, స్త్రీ పాత్రలూ వైవిధ్యమూ పాఠకులకు వద్దనే మాట దుకాణదారుల నుండి వింటున్నామని అని, తరువాత సవరించుకోవలసి వచ్చింది. మరోవైపు 2015 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ బస్సుల మీద ముస్లింలకు వ్యతిరేకంగా డబ్బిచ్చి వేయించిన ప్రకటనలు కనబడితే, ఎవరో వాటి మీద కమలా ఖాన్ బొమ్మలు అతికించి పోయారు. అభిమానుల ప్రతిస్పందన అంటే నాకు మొదట ఆ బస్సులే గుర్తుకు వస్తాయి.

2023లో జరిగినది మరింత ఆలోచించవలసినది. అప్పటికి కమలను స్పైడర్‌మన్ కామిక్‌లో ఒక ఉపపాత్రగా వాడుతున్నారు. మే 31న వెలువడిన 26వ సంచికలో ఆమెను చంపివేశారు. ఎలాగంటే, స్పైడర్‌మన్ ప్రియురాలు మేరీ జేన్ రూపం ధరించి, ఆమెకు బదులుగా తాను ప్రాణం ఇచ్చింది. తన సొంత పేరున్న పుస్తకంలో కాదు, మరొకరి పుస్తకంలో, మరొకరి ముఖంతో. కథ ముందుగా బయటపడగానే పాఠకులు మండిపడ్డారు. తెల్లజాతి నాయకుడు కన్నీరు పెట్టడానికి ఈ పిల్ల చావు కావలసి వచ్చిందా అని అడిగారు. కామిక్‌లలో చనిపోయినవారు తిరిగి రావడం మామూలే, ఆమె కూడా జూలైలోనే తిరిగి వచ్చింది, ఈసారి ఎక్స్‌మెన్ జాతి మనిషిగా. ఆ తరువాతి కథను ధారావాహికలో కమలగా నటించిన ఇమాన్ వెల్లానీ, సబీర్ పీర్జాదాతో కలిసి రాసింది. చిన్ననాడు ఆ కామిక్ అభిమానిగా మొదలైన పిల్ల చేతికే కలం వచ్చింది.

మన తెలుగు సినిమాలు చూసేవారికి ఈ చావు పరిచితమే కదా! కథానాయకుడికి అడ్డుపడి తూటా తినే ప్రాణమిత్రుడి పేరు ఎన్ని సార్లు ముస్లిం పేరు కాలేదు? లేదా దర్గా ముందు పాట పాడే పెద్దాయన, లేదా బాంబు పెట్టేవాడు, లేదా తెలుగు వంకరగా మాట్లాడి నవ్వించే సాయిబు. తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాలు ఈ రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయన్నది ఆ కథ రాసినవారికి ఎవరూ చెప్పలేదు. మనమూ చెప్పలేదు.

మనవైపు తప్పును కూడా చెప్పకపోతే ఈ ప్రసంగం ఏకపక్షమవుతుంది. 2017 ఏప్రిల్‌లో ఎక్స్‌మెన్ గోల్డ్ తొలి సంచిక వచ్చినప్పుడు, ఇండోనేషియా చిత్రకారుడు అర్దియాన్ షాఫ్ బొమ్మల్లో కొన్ని గుర్తులు దాచాడు. ఒక పాత్ర చొక్కా మీద ఖుర్‌ఆన్ ఐదవ సూరా 51వ ఆయత్ సంఖ్య, మరోచోట 212 అనే అంకె. జకార్తాలో క్రైస్తవుడైన గవర్నరుకు వ్యతిరేకంగా 2016 డిసెంబర్ 2న జరిగిన భారీ ప్రదర్శనకు అది గుర్తు. ఆ కథలో యూదు అమ్మాయి కిట్టీ ప్రైడ్ నాయకురాలు. మొదట దీన్ని పట్టుకొన్నది ఇండోనేషియా పాఠకులే, వారిలో ముస్లింలు ఉన్నారు. మార్వెల్ ఆ బొమ్మలను తరువాతి ముద్రణల నుండి తొలగించి చిత్రకారుడిని తప్పించింది. విల్లో విల్సన్ కూడా ఆ పనిని బహిరంగంగా ఖండించింది. అతడికి జరిగినది అన్యాయమని మనవారు కొందరు వాదించగా విన్నాను. నేను అంగీకరించను. మనం అధిక సంఖ్యలో ఉన్న దేశంలో అల్పసంఖ్యాకుడైన గవర్నరు మీద, పిల్లల పుస్తకంలో చాటుగా, దివ్యగ్రంథం సంఖ్యను గురిపెట్టడం, మనం ఇక్కడ ఏ పనిని అన్యాయమంటున్నామో అదే పని. ఆ ఆయత్ అర్థం మీద పండితుల చర్చలు వేరు, దాన్ని రాయిగా విసరడం వేరు.

మళ్ళీ నా కార్యాలయపు బల్ల దగ్గరకు వెళ్తాను. కేవలం కోపంతో వచ్చిన అర్జీని మేము ఎల్.డిస్. చేసేవాళ్ళం, అంటే ఏడాది ఉంచి పారవేసే కట్టలో పెట్టేవాళ్ళం. తేదీ, సర్వే నంబరు, ఫలానా ఉత్తర్వు ఫలానా పేరా అని రాసిన అర్జీని పారవేయడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు, ఏదో ఒక జవాబు రాయవలసి వచ్చేది. డస్ట్ అబాయా గురించి రాసినవారు, బాజ్ తుపాకి గురించి రాసినవారు ఆ రెండవ రకం అర్జీదారులు. ఏ పుట, ఏ బొమ్మ, అందులో ఏది తప్పు, ఏది సరి అని రాశారు. ఒక్క నక్షత్రం కొట్టి పోయినవారి మాట కట్టలో మిగిలిపోయింది.

మన విద్యార్థులు ఈ సెలవుల్లో గత పదేళ్ళ తెలుగు సినిమాల్లోని ముస్లిం ఉపపాత్రల జాబితా తయారుచేస్తామని ముందుకు వచ్చారు. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క కాగితం: పేరు, వృత్తి, మాట్లాడే భాష, కథలో బతికి ఉన్నాడా లేదా, ఇంట్లో ఆడవాళ్ళు ఎవరైనా కనిపించారా. బాగున్న పాత్రలకూ కాగితం ఉండాలని నేను చెప్పాను, రచయితలకు పంపేటప్పుడు వాటినే పైన పెడదాం. రిజిస్టరు నేను రాస్తాను, ఆ పని ఇంకా చేతనవుతుంది. కమల సంపుటాలు రెండు వెనుక బల్ల మీద ఉన్నాయి. తల్లులు, తండ్రులు కూడా తీసుకువెళ్ళి చదివి, ఆమిర్ విషయంలో నా మాట ఒప్పుకుంటారో లేదో వచ్చే నెల చెప్పండి.